కత్తిరి ఎండల్లో వణుకు

ఇప్పుడు నా చర్మం మామూలు రంగుకు వచ్చింది. మోచేతుల మీద రెండు మచ్చలు మిగిలాయి గానీ అవి నా పెళ్ళినాటి నుంచి ఉన్నవే, వాటితో నాకు పేచీ లేదు. బడిలో తోటి టీచర్లు ఏమైందని అడిగితే "చర్మం జబ్బు, తగ్గిపోయింది" అని తప్పించుకుంటున్నాను. అసలు సంగతి చెబితే నమ్మరు. మే నెలలో, మా వైపు కత్తిరి అని పిలిచే మండుటెండల్లో, తమిళనాడులోని గుడియాత్తంలో నేను చలికి పళ్ళు కొట్టుకుంటూ పడుకున్నాను. నా చలి మా ఇంట్లో ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చింది.

నేను డాక్టరును కాను, లత్తేరిలో ఒక బడిలో తెలుగు చెప్పే టీచరును. ఇలాంటి జబ్బు ఎవరికైనా వస్తే వాళ్ళ ఇంట్లోవాళ్ళు మాలాగా పొరబడకూడదని ఇది రాస్తున్నాను. రాస్తే నాకూ కొంచెం నెమ్మదిగా ఉంటుంది.

ఏప్రిల్ ఆఖరు

నాకు సోరియాసిస్ ఉంది. అంటుకొనే జబ్బు కాదది. ఏటా చలికాలంలో కాస్త ఎక్కువై ఎండలు ముదిరేసరికి అణిగిపోయేది. ఆ ఏడు మాత్రం తిరగబడింది. పరీక్ష పేపర్లు దిద్దుతున్న రోజుల్లో వీపు మీద మొదలై భుజాలకు, పొట్టకు, తొడలకు పాకింది. కొన్నాళ్ళకు మచ్చకూ మచ్చకూ మధ్య మంచి చర్మమనేదే లేకుండా ఒళ్ళంతా ఎర్రగా అయిపోయింది. పక్క దులిపితే పొట్టు రాలేది. ఊడ్చిన కాసేపటికే నేల మీద మళ్ళీ పొట్టు.

చీర కట్టుకోవడమే పెద్ద పని అయింది. లంగా నాడా బిగించిన చోట నడుము చుట్టూ చర్మం చిట్లి రసి కారేది. జాకెట్టు చేతుల అంచు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ మంట. బడికి సెలవు పెట్టి, ఇంట్లో వదులు నైటీలో ఉండిపోయాను.

ఇంట్లో మేం ముగ్గురం. నా భర్త దామోదరానికి బజారులో లుంగీల అంగడి ఉంది. మా అత్త రాజమ్మ వయసులో ఉన్నప్పుడు మగ్గం నేసింది, కళ్ళు మసకబారాక మానుకుంది. మా అమ్మాయి చెన్నైలో హాస్టల్లో ఉంటుంది. మాది నేతవాళ్ళ ఇల్లే గానీ అత్త కట్టేది పాలిస్టర్ చీరలు. "జాడించి ఆరేస్తే చాలు, ఇస్తిరీ పన్లేదు" అంటుంది. మీద బిగుతు జాకెట్టు. వదులు జాకెట్టు వేసుకుంటే మనిషి చతికిలబడినట్టు ఉంటుందని ఆమె నమ్మకం.

మొదటిసారి వణుకు వచ్చినప్పుడు ఆయన అన్నానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ.

"ఫ్యాన్ ఆపండి," అన్నాను.

"ఏమన్నావు?"

"చలేస్తా ఉండాది."

ఆయన చెయ్యి కడుక్కొని వచ్చి నా మెడ మీద పెట్టి చూశాడు. "ఒళ్ళు కాల్తా ఉండాది, చలంటావే!" అన్నాడు. జ్వరం చూస్తే పెద్దగా లేదు. పైన తాకితే పెనం, లోపల ఎముకల్లో మాత్రం ఎవరో చల్లనీళ్ళు పోస్తున్నట్టు ఉంది. తిరుమలకు పోయినప్పుడు కొన్న స్వెట్టరు బీరువాలోంచి తీసి నాకు తొడిగాడు. ఊలు నా చర్మానికి తగలగానే కందిరీగలు కుట్టినట్టయింది. తీసేస్తే చలి, వేసుకుంటే మంట. స్వెట్టరు చేతులు సాగదీసి పట్టుకొని, ఒంటికి అంటకుండా చూసుకుంటూ గోడకు ఆనుకొని కూర్చున్నాను.

మే మొదట్లో

వేలూరు ఆసుపత్రికి బస్సులో పోయాం. అందరూ నీడ పడే వైపు సీట్ల కోసం తోసుకుంటుంటే నేను ఎండ పడే కిటికీ దగ్గర కూర్చున్నాను. కండక్టరు రెండుసార్లు వచ్చి ఇటువైపు ఖాళీ ఉందని చెప్పాడు. నా మొహం చూసి మూడోసారి రాలేదు. నా పక్కన కూర్చోబోయినామె కూడా నా చేతులు చూసి వెనక్కి పోయింది.

ఆసుపత్రి హాల్లో ఏసీ. చర్మం డాక్టరు కోసం వచ్చినవాళ్ళలో సగం మంది బెంగాల్, అస్సాం వైపు వాళ్ళు, సంచులతో, పిల్లలతో. నేను స్వెట్టరు మీద తువ్వాలు కప్పుకొని కుర్చీలో ముడుచుకున్నాను. ఆయన పోయి ఏసీ తగ్గించమని అడిగాడు. హాలు నిండా చెమటలు పట్టిన జనం, ఎట్లా తగ్గిస్తారు? ఉత్త చేతులతో తిరిగి వచ్చి నిలబడ్డాడు.

పక్క కుర్చీలో నా వయసు ఆడమనిషి, బెంగాలీ అనుకుంటాను, చాలాసేపు నన్ను చూసింది. కాళ్ళ దగ్గరున్న సంచిలోంచి ఒక దుప్పటి తీసింది. పాత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసిన దుప్పటి అది. మన బొంతే, కాకపోతే పలుచన. లేచి నా భుజాల మీద కప్పి, తల మీదికి లాగి, పాదాల చుట్టూ చుట్టింది. బరువే లేదు, ఎక్కడా గుచ్చుకోలేదు. ఆ చీరలు ఎన్ని ఉతుకులు చూశాయో, అరచేయి తగిలినంత మెత్తగా ఉన్నాయి. కాసేపటికి నా వణుకు తగ్గింది.

నన్ను పిలిచినప్పుడు బొంత తీసి చూస్తే లోపలంతా నా పొట్టు. సిగ్గుతో దులపబోయాను. ఆమె నా చేతిలోంచి తీసుకొని, అట్లాగే మడిచి సంచిలో పెట్టుకొని, పొమ్మన్నట్టు తల ఊపింది. ఆమె ఎవరికి జబ్బని వచ్చిందో కూడా నేను అడగలేకపోయాను. మాకిద్దరికీ కలిసిన భాష లేదు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తమిళంలో నిదానంగా చెప్పింది. చర్మమంతా ఎర్రబడినప్పుడు ఒంట్లో రక్తం పైకి వచ్చేస్తుందట, లోపలి వేడి బయటికి పోతూనే ఉంటుందట. అందుకే తాకితే వేడి, నాకేమో చలి. చెమట కూడా సరిగా పట్టదు కాబట్టి మరీ వేడి తగిలినా ప్రమాదమే అంది. నీళ్ళు బాగా తాగమంది. ఆసుపత్రిలో చేరాలి, పడక ఖాళీ కాగానే ఫోను చేస్తాం, అంతవరకు ఈ ఆయింట్‌మెంటు రాస్తూ ఒళ్ళు వెచ్చగా ఉంచండి అంది.

ఆమె చెప్పిన దాంట్లో మా ఇద్దరికీ ఆ చివరి మాటే గుర్తుండిపోయింది. వెచ్చగా ఉంచండి.

ఫోను కోసం ఎదురుచూసిన వారం

మేం ఇంటికి వచ్చి చేసిన పని, గదిని వెచ్చగా ఉంచడం. నేను పడుకొనే ముందుగదిలో కిటికీలు మూసేశాం, ఫ్యాన్ కట్టేశాం. నన్ను ఒక్కదాన్ని వదలకూడదని అత్త నా మంచం పక్కనే పీట వేసుకొని కూర్చునేది. వంటింట్లో ఇంకో ఫ్యాన్ ఉంది, అక్కడికి పోయి కూర్చోమని చెప్పాను.

"యాడికీ పోను. నీళ్ళు కావాలంటే ఎవురిస్తారు నీకు?" అంది.

"పిలుస్తాను గదా అత్తా."

"పిలిచే ఓపిక ఉంటే నువ్వెందుకు పండుకుంటావు?"

ఆయన వచ్చి చూసినప్పుడల్లా గొడవే. "గది పొయ్యి మాదిరి ఉండాది. అమ్మా, నువ్వు బయటికి రా" అనేవాడు. అత్త కదిలేది కాదు. ఒకసారి నా మీద విసుక్కొని ఫ్యాన్ వేశాడు. నేను దుప్పటి నోట్లో కుక్కుకొని వణకడం చూసి తనే కట్టేసి, చెప్పులేసుకొని అంగడికి పోయాడు. ఒకే గదిలో ఒకరికి ఫ్యాన్ కావాలి, ఒకరికి వద్దు, మధ్యలో ఆయన. ఎవరి తప్పనీ చెప్పలేని గొడవలు అన్నిటికన్నా కష్టం.

ఆ వారం చివర్లో ఒక మధ్యాహ్నం అత్త వెల్లుల్లి ఒలుస్తూ ఏదో కబురు చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగి, "దాము బడి నుంచి వచ్చినాడా?" అంది.

ఆ దాము నా భర్త. యాభై దాటినవాడు.

పరాకుగా అన్నదనుకున్నాను. "అంగడిలో ఉండారు అత్తా" అన్నాను. ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "బువ్వ తినకుండా పోయినాడు బిడ్డ" అంటూ లేవబోయి, గోడకు జారి అట్లాగే కింద కూలబడింది. వెల్లుల్లి రేకులు నేలంతా దొర్లాయి.

అంతవరకు గోడ పట్టుకోకుండా లేవలేనిదాన్ని ఎట్లా లేచానో తెలియదు. ఆమె నుదురు తాకితే కాలుతోంది. ఫ్యాన్ వేశాను, తలుపు తెరిచి పక్కింటి కళక్కను కేకేశాను. అత్త చీర ఒంటికి ప్లాస్టిక్ కాగితంలా అతుక్కొని ఉంది. జాకెట్టు హుక్కులు బిగిసిపోయి నా పగిలిన వేళ్ళకు ఊడి రాలేదు. కళక్క పరుగున వచ్చి ఒక్క గుంజు గుంజితే హుక్కులు ఎగిరిపోయాయి. పాలిస్టర్ చీర లాగేసి, దండెం మీదున్న పాత నూలు లుంగీ నీళ్ళలో ముంచి ఆమె ఒంటి మీద పరిచాం. ఆరుతున్న కొద్దీ మళ్ళీ తడిపి పరిచాం. ఫ్యాన్ గాలి ఆ తడిగుడ్డ మీద పడుతుంటే ఆమె ఊపిరి కొంచెం కుదురుకుంది.

అదే ఫ్యాన్ కింద, తడిచేతులతో నేను. నా పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు నాకే వినబడుతోంది.

"నువ్వు పక్కకు పోమ్మా, నేను చూసుకుంటా" అని కళక్క తమిళంలో అరుస్తోంది. నేను పోలేదు. కళక్క కొడుకు ఆటో తెచ్చాడు. ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కించి దగ్గరున్న క్లినిక్కుకు తీసుకుపోయారు. అక్కడికి ఆయన అంగడిలోంచి పరిగెత్తుకొని వచ్చాడు. అత్త ఒక మంచం మీద తడి దుప్పట్లో, నేను ఇంకో మంచం మీద పొడి దుప్పట్లో. ఇద్దరికీ సెలైను ఎక్కుతోంది. ఆయన రెండు మంచాల మధ్య నిలబడి నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు.

"మిమ్మల్నిద్దర్నీ యాడ పెట్టేది నేను?" అన్నాడు.

చీకటి పడేవేళకు అత్త కళ్ళు తెరిచి కొడుకును గుర్తుపట్టింది. "ఎండ దెబ్బ. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం" అన్నాడు డాక్టరు.

వార్డులో

మర్నాడు వేలూరు నుంచి ఫోను వచ్చింది. ఆయన అత్తను కళక్క ఇంట్లో ఉంచి, నన్ను తీసుకుపోయి చేర్పించాడు.

ఆ వార్డులో ఎస్తర్ అనే నర్సు ఉండేది. పెద్దగా నవ్వేది కాదు, చేతులు మాత్రం మెత్తన. నన్ను చేర్చుకున్నాక స్వెట్టరు తీసేయించి, ఇంట్లో ఎట్లా ఉంచారని అడిగింది. ఆయన అంతా చెప్పాడు. కిటికీలు, ఫ్యాన్, అత్త సంగతి. దాచలేదు. ఎస్తర్ సిస్టర్ తిట్టలేదు.

"వెచ్చగా ఉండాల్సింది గది కాదు సార్, మనిషి," అంది తమిళంలో. "మంచి గుడ్డ సరిగ్గా కప్పితే, పక్కన ఫ్యాన్ తిరుగుతున్నా ఈమెకు పరవాలేదు. ఇంట్లో వాళ్ళు ఎందుకు ఉడకాలి?"

మెత్తటి నూలుగుడ్డలు తెమ్మంది. ఆయన సాయంత్రానికల్లా అంగడిలోంచి కొత్త లుంగీలు కట్ట కట్టుకొని వచ్చాడు. ఆ రోజు మొదటిసారి ఆయన మొహంలో కొంచెం కళ చూశాను, తనకు తెలిసిన పని ఒకటి దొరికిందని. సిస్టర్ ఒకటి తీసి తన మణికట్టు మీద రుద్దుకొని తిరిగి ఇచ్చేసింది.

"గంజి. ఈమెకు గీరుకుంటుంది. పాతవి లేవా?"

"పాతవి చిరిగిపోయి ఉండాయి సిస్టర్."

"చిరిగినవే తెండి."

ఆ పాత లుంగీల్లో నేను కోలుకున్నాను. లోపల వదులు నూలు చొక్కా, ఆయనదే, తిరగేసి తొడిగేవాళ్ళు, కుట్లు ఒంటికి తగలకుండా. దాని మీద ఒక లుంగీ, దాని మీద ఇంకొకటి. లావు దుప్పటి ఒక్కటి కప్పుకొనే దానికన్నా పలుచటివి రెండు మూడు నయం. మధ్యలో నిలిచే గాలే వెచ్చదనం ఇస్తుందట, చలి తగ్గితే ఒకటి తీసేయవచ్చు. బిగుతుగా చుట్టుకుంటే ఆ గాలికి చోటుండదు, పైగా ఒరుసుకుంటుంది. తలకు, పాదాలకు తప్పకుండా గుడ్డ. సాక్సు ఎలాస్టిక్ వాచిన కాళ్ళ మీద గాడి పెట్టేది, అందుకని పాదాలకు కూడా పాతగుడ్డే. ఆయింట్‌మెంటుతో గుడ్డ తడిసి ముద్దయితే వెంటనే మార్చాలి, లేకపోతే అదే చలి పుట్టిస్తుంది. అత్తను బతికించింది తడిసిన నూలు, నన్ను కాపాడింది పొడి నూలు. అన్నీ ఒకే దండెం మీది లుంగీలు.

మందులు పని చేయడానికి వారాలు పట్టింది. భయం పోవడానికి ఇంకా ఎక్కువ. ఒళ్ళు తుడిచే వేళ అద్దం వైపు చూడకుండా మొహం తిప్పుకొనేదాన్ని. చుట్టుపక్కల పడకల వాళ్ళు మొదట నన్ను చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. సిస్టర్ ఉత్త చేతులతో నా అరికాళ్ళకు ఆయింట్‌మెంటు రాయడం చూశాక ఒకామె అరటిపండు తెచ్చి నా చేతికిచ్చింది, గిన్నెలో పెట్టి తోయకుండా.

అత్త తేరుకొని నన్ను చూడటానికి వచ్చింది. అప్పుడు కూడా పాలిస్టర్ చీరే.

"ఎందుకు కూర్చున్నావు అత్తా ఆ గదిలో?" అని అడిగాను. అప్పటికి నేను చాలాసార్లు ఏడ్చి ఉన్నాను, ఆ మాట అడిగితే మళ్ళీ ఏడుపొచ్చింది.

"నువ్వు లేచి నడిచినావంట గదా నాకోసం," అంది. "కళ చెప్పింది. సరిపోయింది పో. ఇంగ ఆ మాట ఎత్తద్దు."

పడక చివర కూర్చొని నా మీదున్న లుంగీ అంచు వేళ్ళతో నలిపి చూసింది. "ఇది మెత్తగుండాది. నా చీరలు అన్నీ తీసేయాల" అంది. సిస్టర్ ఆమెకు కూడా చెప్పి పంపింది, ఎండల్లో నూలు కట్టమని, జాకెట్టు రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉండాలని. మిగతావి విన్నది గానీ, జాకెట్టు మాట దగ్గర మాత్రం మొహం ముడుచుకుంది.

జూలై

ఇంటికి వచ్చాక ముందుగదిలో కిటికీలు తెరిచారు, ఫ్యాన్ తిరిగింది. నేను దానికి దూరంగా మంచం వేసుకొని, గుడ్డల్లో ఉన్నాను. ముగ్గురం ఒకే గదిలో కూర్చొని అన్నం తిన్నాం. పెద్ద విశేషమేం కాదు గానీ ఆయన ఆ పూట రెండోసారి చారు పోయించుకున్నాడు.

బడికి పోవాలంటే చీర తప్పదు. లంగాకు నాడా బదులు వెడల్పు పట్టీ కుట్టించాను. జాకెట్టు వదులుగా కావాలంటే టైలరు ఒప్పుకోలేదు. "ఫిట్టింగు పోతాది అక్కా, నా పేరు చెడిపోతాది" అన్నాడు. నీ పేరు ఎవరికీ చెప్పనులే అని హామీ ఇచ్చాక కుట్టాడు. మొదటి రోజు పిల్లలు నా చేతుల వైపు చూసి గుసగుసలాడారు. పాఠానికి ముందు జబ్బు పేరు బోర్డు మీద రాసి, ఇది అంటుకోదు అని చెప్పాను. ముందు బెంచీ అమ్మాయి లేచి, నొప్పిగా ఉంటుందా టీచర్ అని అడిగింది. ఇప్పుడు లేదు అన్నాను. ఆ తరువాత వాళ్ళు మరిచిపోయారు.

ఆ నెలాఖరులో ఒకనాడు లత్తేరి స్టేషను నుంచి బడికి నడుస్తుంటే చెవి పక్కన ఏదో పాకింది. చీమనుకొని తుడిస్తే చెయ్యి తడి. ఇన్నాళ్ళూ సరిగా పట్టని చెమట. నడి రోడ్డు మీద నిలబడి ఆయనకు ఫోను చేసి చెప్పాను. అంగడిలో బేరాలున్నాయి. "యాడ? ఎంత పట్టింది?" అని అందరికీ వినబడేటట్టు అరిచాడు.

ఆవణి నెల

మా ఆడబిడ్డ మల్లిక జోలార్‌పేటలో ఉంటుంది. ఆగస్టు మధ్యలో మొదలయ్యే ఆ తమిళ నెలలో ఆమె కొడుకు పెళ్ళి. పట్టుచీర, జరీ అంచు, బిగుతు జాకెట్టు, నగలు. నా చర్మం అప్పుడప్పుడే కుదుటపడుతోంది, అవన్నీ వద్దని డాక్టరు చెప్పింది. నూలుచీరతో పెళ్ళికొడుకు మేనమామ భార్య పీటల దగ్గర నిలబడితే జనం ఏమంటారో నాకు తెలుసు. జబ్బు పేరు చెప్పి రాకుండా ఉండిపోతానన్నాను.

"నువ్వు రాకపోతే నేనూ పోను" అంది అత్త.

బయలుదేరే రోజు పొద్దున నేను నూలుచీరే కట్టుకున్నాను. ఆమె గదిలోంచి వచ్చింది. ఒంటి మీద తెల్లటి నూలుచీర, సన్న అంచు. జాకెట్టు వదులుగా ఉంది. ఎప్పుడు కుట్టించుకుందో మాకు తెలియదు. ఆయన బస్సుకు తొందర పెట్టాడు.

కల్యాణ మండపంలో జనం కిక్కిరిసి ఉన్నారు, కెమెరా దీపాల వేడి, ఉక్క. మల్లిక మమ్మల్ని చూడగానే మొహం మాడ్చుకుంది. నన్నేమీ అనలేక వాళ్ళమ్మను పట్టుకుంది.

"ఏమ్మా, నేను తెచ్చిన పట్టుచీర ఏమైంది? మనమడి పెండ్లికి ఇట్లనా వచ్చేది? అందురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ. నాకు ఉక్కపోస్తే వాళ్ళొచ్చి విసురుతారా?" అంది అత్త, పైకే. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. మల్లిక నవ్వలేదు. ఎర్రటి పట్టుచీరలో మళ్ళీ వేదిక ఎక్కింది.

తాళి కట్టడం అయ్యాక నేనూ అత్తా లోపలి గదిలో కాసేపు కూర్చున్నాం. తలుపు తోసుకొని మల్లిక వచ్చింది. జడలో పూలు వాడిపోయాయి, వీపంతా తడిసి పట్టు నల్లబడింది, మెడలో నగల కింద చర్మం కందిపోయి ఉంది. మా ఎదురుగా కుర్చీలో కూలబడి, నా చీర వంక చూసింది. భోజనాల తరువాత ఇంకా బంధువుల్ని పలకరించాలి, ఫొటోలు దిగాలి, కొత్త కోడల్ని ఇంటికి తీసుకుపోవాలి.

"వదినా," అంది చివరికి, గొంతు తగ్గించి, "ఇట్లాంటిది ఇంకోటి తెచ్చినావా?"

సంచిలోంచి తీసి చూపించాను.

"తలుపు గడియ పెట్టు" అంటూ మల్లిక ఒడ్డాణం విప్పడం మొదలుపెట్టింది.